పాత వాహనాల్లో ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ లీకు: నిర్ధారణ

ఆటోమేటిక్ గేరుబాక్సులో తిరిగే నూనెను ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అంటారు. గ్యారేజీల్లో ఏటీఎఫ్ అన్న పొట్టి పేరే వాడుక. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన బండి కింద ఎర్రటి మరక కనిపించడం మామూలే. ఆ నూనె గేరుబాక్సు ముందు నుంచి వస్తోందా, వెనక నుంచా, పక్క నుంచా, అసలు గేరుబాక్సుదేనా అన్నది తేల్చడమే లీకు నిర్ధారణ. అది తేలకుండా పానా పట్టుకుంటే జరిగేది ఒకటే. గేరుబాక్సు అడుగున నూనె నిలిచే తొట్టిని చాంబర్ అంటారు. దాని ప్యాకింగ్ మారుస్తారు, వారానికి మరక మళ్లీ కనిపిస్తుంది. ఆయిల్ సీల్ మారుస్తారు, మరక పోదు. చివరికి గేరుబాక్సు మొత్తం దించాక, పై నుంచి వస్తున్న రబ్బరు గొట్టంలో చీలిక బయటపడుతుంది.

మాన్యువల్ గేరుబాక్సులో నూనె పని గేరు పళ్లు అరగకుండా చూడడంతో దాదాపు సరి. ఆటోమేటిక్‌లో ఆ నూనే నడిపిస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని అందుకుని ముందుకు పంపేది, లోపలి క్లచ్ ప్లేట్లను ఒత్తిపట్టేది, వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోయేది అదే. అందువల్ల మట్టం లీటరు తగ్గినా బండి చెప్పేస్తుంది. డ్రైవ్‌లో వేశాక కదలడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. మలుపు తిరిగేటప్పుడో బ్రేకు వేసినప్పుడో నూనె ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చి, పట్టు జారుతుంది. ఇంజన్ అరుస్తుంది కానీ వేగం పెరగదు. అలాగే కొన్నాళ్లు నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. చిన్న సీలుతో పోయే ఖర్చు గేరుబాక్సు విప్పి కట్టే ఖర్చవుతుంది.

లీకు వెతికేటప్పుడు చాలామంది నూనె ఎక్కడ పడిందో చూస్తారు. ఎప్పుడు కారుతోందో చూడడం అంతకంటే ముఖ్యం. నేల మీద చుక్క పడిన చోటు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. గాలి వేగానికి నూనె వెనక్కి పాకుతుంది, క్రాస్ మెంబరు వెంట పక్కకు జారుతుంది, కడపటి బోల్టు తల మీద నిలిచి అక్కడి నుంచి రాలుతుంది. కారే సమయం మాత్రం మారదు.

నూనె, దాని రంగు

1939 చివర్లో జనరల్ మోటార్స్ తన 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ గేరుబాక్సును అందించింది. పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. 1949లో ఆ సంస్థ ఈ గేరుబాక్సులకని టైప్ ఏ అనే ప్రత్యేక నూనె ప్రమాణాన్ని తెచ్చింది. 1960ల చివర్లో డెక్స్‌రాన్ వచ్చింది. ఫోర్డ్ టైప్ ఎఫ్ అని తన దారి తాను చూసుకుంది. క్రైస్లర్, టొయోటా, హోండా, మిత్సుబిషి కూడా క్రమంగా ఎవరి నూనె వారు ఖరారు చేసుకున్నారు. ఇంజన్ ఆయిల్‌తో కలగాపులగం కాకుండా, లీకైతే వెంటనే పోల్చుకునేలా ఏటీఎఫ్‌కు ఎరుపు రంగు కలపడం ఆనవాయితీ అయింది.

తొలితరం ఏటీఎఫ్‌లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అది బాగా పనికొచ్చేది. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. 1973 నాటి చట్టంతో ఆ నూనె వాడకానికి తెరపడింది. దాని బదులు వచ్చిన తొలి డెక్స్‌రాన్-2 నూనె కూలర్‌లోని టంకపు అతుకులను తినేసేది. తర్వాత దానికి తుప్పును ఆపే రసాయనం కలిపి సరిచేశారు. నూనె రసాయనం మారితే లోహపు అతుకులు కూడా లీకవుతాయనడానికి ఇది మంచి ఉదాహరణ. రబ్బరు సీళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒక నూనెలో ఏళ్ల తరబడి నానిన సీలు, సంకలనాలు వేరైన ఇంకో నూనెలో కుంచించుకుపోవచ్చు, ఉబ్బిపోవచ్చు. పాత బండి చరిత్ర అడిగేటప్పుడు ఈ మధ్య ఏ నూనె పోశారు అన్న ప్రశ్న తప్పక ఉండాలి.

అది ఏటీఎఫేనా?

ఎరుపు కనిపించగానే గేరుబాక్సు అని తీర్మానించకూడదు. చాలా పాత బండ్లలో పవర్ స్టీరింగ్‌లోనూ ఏటీఎఫే ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసులో కూడా తరచుగా అదే పోస్తారు. టొయోటా కూలెంట్ ఎర్రగానో గులాబీగానో ఉంటుంది. అటునుంచి చూస్తే, మార్చక మార్చక నల్లబడిన ఏటీఎఫ్ అచ్చం ఇంజన్ ఆయిల్‌లా కనిపిస్తుంది.

తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే కొంత తేలుతుంది. ఏటీఎఫ్ పలచగా, త్వరగా పాకి, అంచున గులాబీ ఛాయ వదులుతుంది. ఇంజన్ ఆయిల్ మధ్యలో మసిమచ్చ నిలిచి నెమ్మదిగా పాకుతుంది. కూలెంట్ వేళ్ల మధ్య జిగటగా, తియ్యటి వాసనతో ఉంటుంది, నీళ్లలో కలిసిపోతుంది. నూనె నీటి మీద తేలుతుంది. బ్రేక్ ఆయిల్ లేత పసుపు, పెయింటును తినేస్తుంది. ఏసీ నుంచి పడేవి ఉత్త నీళ్లు. కాలిన వాసన వేస్తే లీకుతో పాటు లోపలి క్లచ్ గురించి కూడా ఆలోచించాలి.

ఆ తర్వాత బానెట్ ఎత్తి పై నుంచి చూడాలి. పవర్ స్టీరింగ్ డబ్బాలో మట్టం తగ్గుతోందా? ఇంజన్ పై మూత ప్యాకింగ్ వెనక మూల నుంచి నూనె దిగి, ఇంజనూ గేరుబాక్సూ కలిసే బెల్ హౌసింగ్ మీదుగా కారుతోందా? ఈ రెండు చూడకుండా బండి కింద దూరిన మెకానిక్కు ఆ రోజు కష్టం ఎక్కువ పడతాడు.

మట్టం చూడడంలో తేడాలు

లీకు ఎంత ఉందో తెలియాలంటే మట్టం సరిగ్గా చూడాలి. ఇక్కడ కంపెనీకో పద్ధతి. ఎక్కువ గేరుబాక్సులకు ఇంజన్ బాగా వేడెక్కాక, నడుస్తుండగా, పార్క్‌లో ఉంచి డిప్‌స్టిక్ తీయాలి. పాత క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌లకు న్యూట్రల్‌లో చూడాలి. వాటిలో పార్క్‌లో ఉన్నప్పుడు కన్వర్టర్‌కు నూనె అందదు. హోండాలలో బండి వేడెక్కాక ఇంజన్ ఆపి నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. మెర్సిడెస్ 722.6లో గొట్టం ఉంటుంది, మూత ఉంటుంది, లోపల పుల్ల ఉండదు. కొలిచే పుల్ల వర్క్‌షాపులో మాత్రమే దొరుకుతుంది. ఆ తర్వాతి తరం గేరుబాక్సుల్లో చాలావాటికి గొట్టం కూడా లేదు. నూనె నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు కింది ప్లగ్గు విప్పి, సన్నగా జారుతోందా లేదా చూడడమే దారి.

ఉష్ణోగ్రత మీద ఇంత పట్టింపు ఎందుకంటే, చల్లటి నూనె 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు వెళ్లేసరికి దాదాపు 5 శాతం ఉబ్బుతుంది. పది లీటర్లు పట్టే గేరుబాక్సులో అది అర లీటరు. పాత జనరల్ మోటార్స్ డిప్‌స్టిక్ మీద రెండు గుర్తుల మధ్య దూరం ఒక పైంటు, అంటే అర లీటరు కంటే కాస్త తక్కువ. చల్లగా ఉన్నప్పుడు చూసి ఫుల్ దాకా పోస్తే, వేడెక్కాక మట్టం ఎక్కువైపోతుంది. మట్టం ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి, ఆ నురగ, గేరుబాక్సులోని గాలిని వదిలే బ్రీదర్ గొట్టం నుంచి పైకి తన్నుకొస్తుంది. గేరుబాక్సు పైభాగమంతా తడిసి కనిపిస్తుంది. సీలు పోయిందని భ్రమపడేది ఇక్కడే. బ్రీదర్ మట్టితో పూడుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి మంచి సీళ్లు కూడా కారతాయి. బ్రీదర్‌ను శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు, కనుక అది ముందే చేయాలి.

ఎప్పుడు కారుతోంది?

లీకులను సమయాన్ని బట్టి మూడుగా విడదీస్తే సగం పని అయినట్టే.

బండి ఆగి ఉన్నప్పుడు, రాత్రంతా కారితే నూనె తన బరువు వల్లే జారుతోందని అర్థం. అంటే ఆగిన మట్టానికి కిందున్న చోట్లలోనే వెతకాలి. చాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ ప్లగ్గు, గేరు లివరు షాఫ్టు సీలు, కింది కనెక్టర్లు. ఇంజన్ ఆపగానే గొట్టాల్లోంచి, కన్వర్టర్ నుంచి నూనె చాంబర్‌లోకి తిరిగొచ్చి మట్టం పైకి లేస్తుంది. నడుస్తున్నప్పుడు పొడిగా ఉన్న సీళ్లు ఆగాక మునిగిపోతాయి.

దీనికి పేరుమోసిన ఉదాహరణ టార్క్‌ఫ్లైట్. వారాల తరబడి కదలకుండా ఉంటే కన్వర్టర్‌లోని నూనె పంపు సందుల గుండా మెల్లగా చాంబర్‌లోకి దిగిపోతుంది. మట్టం గేరు లివరు షాఫ్టు సీలును దాటుతుంది. గట్టిపడిన ఆ సీలు నుంచి నూనె నేల మీదికి వస్తుంది. రోజూ నడిపే బండిలో ఆ సీలు అంతే పాడైపోయి ఉన్నా చుక్క పడదు. నెలరోజులు ఊరికి వెళ్లొచ్చేసరికి మడుగు కట్టి ఉంటుంది. స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేస్తే, కన్వర్టర్ నిండేదాకా కొన్ని సెకన్లు బండి కదలదు. ఈ రెండు లక్షణాలు కలిసి కనిపిస్తే చాంబర్ ప్యాకింగ్ మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే లీకు ఒత్తిడి ఉన్న దారిలో ఉంది. ముందున్న పంపు, కూలర్ గొట్టాలు, సర్వో మూతలు, ఒత్తిడి కొలిచే ప్లగ్గులు. గేరు మార్చి చూస్తే ఇంకా తెలుస్తుంది. రివర్స్‌లో లోపలి ఒత్తిడి మిగతా గేర్ల కంటే ఎక్కువ. బ్రేకు గట్టిగా పట్టి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ఒకరు సీట్లో ఉండి రివర్స్‌లో వేసినప్పుడు చుక్కల వేగం పెరిగితే అనుమానం ఖాయమవుతుంది. ఆ సమయంలో బండి కింద మాత్రం ఎవరూ ఉండకూడదు.

బండి కదులుతున్నప్పుడు మాత్రమే కారితే తిరిగే షాఫ్టుల వైపు చూడాలి. వెనక చక్రాల బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు దూరే చోటి సీలు, స్పీడోమీటర్ గేరు ఓ-రింగు. ముందు చక్రాల బండిలో రెండు వైపులా యాక్సిల్ సీళ్లు. వీటి నుంచి నూనె చుక్కగా రాలదు, చిమ్ముతుంది. చాంబర్ పొడిగా ఉండి, బండి అడుగు రేకుకు అడ్డంగా ఒక పట్టీలా తడి కనిపిస్తే లీకు అక్కడి షాఫ్టుదే.

కడిగి చూడడం

పదేళ్ల మట్టి, నూనె కలిసి పేరుకున్న గేరుబాక్సు మీద కొత్త తడిని ఎవరూ గుర్తించలేరు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. కనెక్టర్లలోకి, బ్రీదర్‌లోకి నీళ్లు పోకుండా చూడాలి. బెల్ హౌసింగ్ కింది మూత ఉంటే విప్పి లోపల కూడా తుడవాలి. ఆ తర్వాత బండిని బాగా వేడెక్కేలా నడపాలి. చల్లటి బండిలో కనిపించని లీకులు వేడి మీదే బయటపడతాయి. నూనె పలచబడుతుంది, అల్యూమినియం ఒళ్లు విరుచుకుంటుంది.

తిరిగొచ్చాక ర్యాంపు మీద ఎక్కించి, టార్చి పట్టి, తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నది, అన్నిటికంటే ముందున్నది ఏదో చూడాలి. నూనె కిందికే దిగుతుంది, బండి నడిస్తే వెనక్కే పోతుంది. కాబట్టి పుట్టుక ఆ తడికి పైనో ముందో ఉంటుంది. అనుమానం ఉన్న చోట టాల్కం పౌడరు పల్చగా చల్లి ఇంకొంచెం నడిపితే, తడి మొదలైన దారి తెల్లపొడిలో గీతలా కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే నూనెలో ఫ్లోరోసెంట్ రంగు కలిపి, అతినీలలోహిత దీపం, పసుపు కళ్లద్దాలతో చూస్తారు. మిలమిలలాడే పసుపుపచ్చ గీత పుట్టిన చోటికి తీసుకెళ్తుంది. పవర్ స్టీరింగ్ మీద కూడా అనుమానం ఉన్నప్పుడు రంగును ఒక్క గేరుబాక్సులోనే కలపాలి, అప్పుడు మెరిస్తే అది గేరుబాక్సుదే. రాత్రిపూట బండి కింద పెద్ద అట్ట పరిచి చక్రాల స్థానం గుర్తు పెట్టుకోవడం చౌకైన పద్ధతి. చుక్కల లెక్క కూడా దాని మీదే దొరుకుతుంది.

కారే చోట్లు

చాంబర్ ప్యాకింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడి లీకులు చాలావరకు మనుషులు తెచ్చిపెట్టినవే. కార్కు ప్యాకింగ్ వయసుతో కుంచించుకుపోతుంది. చుక్క చూసి బోల్టులను ఇంకా బిగిస్తారు. రేకు చాంబర్ అంచు ప్రతి బోల్టు దగ్గరా లోపలికి నొక్కుకుపోతుంది, బోల్టుల మధ్య పైకి లేస్తుంది, లీకు ఎక్కువవుతుంది. చాంబర్ దించి, అంచు నొక్కులను చదునైన ఇనుము మీద సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగ్ పెట్టి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా, పుస్తకంలో చెప్పిన టార్కు మేరకే బిగించాలి. అది సాధారణంగా చాలా తక్కువే, చేతిబలం మొత్తం పెట్టే పని కాదు. చాంబర్ దించితే నూనె సగం కూడా దిగదన్నది గుర్తుంచుకోవాలి. జనరల్ మోటార్స్ వారి టర్బో హైడ్రామాటిక్ 350, 400 లాంటి వాటిలో మొత్తం 9 నుంచి 11 లీటర్లు పడుతుంది. మిగిలింది కన్వర్టర్‌లో ఉండిపోతుంది.

నిజంగా బుర్ర పెట్టాల్సింది బెల్ హౌసింగ్ దగ్గర. ఇంజనూ గేరుబాక్సూ కలిసే ఆ గుల్లలోంచి చుక్క రాలితే కారణాలు నాలుగైదు ఉంటాయి. వాటిలో ఏది తేల్చాలన్నా గేరుబాక్సు దించాలి. దించకముందే ఆనవాళ్లు చదవగలిగితే ఏ సామాను తెచ్చిపెట్టుకోవాలో తెలుస్తుంది. ఇంజన్ వెనక సీలు పోతే నూనె, ఇంజన్‌ను కన్వర్టర్‌తో కలిపే ఫ్లెక్స్ ప్లేటు ముందువైపు, ఇంజన్ గోడ మీద ఉంటుంది. రంగు నలుపు. పంపు మధ్యనున్న సీలు పోతే ఏటీఎఫ్ కన్వర్టర్ మెడ వెంట పాకి దాని వీపు మీదికి వచ్చి, తిరుగుడుకు విసిరికొట్టబడి బెల్ హౌసింగ్ లోపలి చుట్టుగోడ మీద వలయంలా పడుతుంది. పంపు చుట్టూ ఉన్న పెద్ద ఓ-రింగు, ప్యాకింగ్, లేదా పంపు బోల్టుల వాషర్లు పోతే నూనె బెల్ హౌసింగ్ వెనక గోడ వెంట నేరుగా కిందికి దిగుతుంది, కన్వర్టర్ వీపు పొడిగా ఉంటుంది. కన్వర్టర్ వెల్డింగు చీలితేనో, దాని డ్రెయిన్ ప్లగ్గు వదులైతేనో, ఇంజన్ వైపు బయటి అంచున తడి కనిపిస్తుంది. కింది మూత విప్పి అద్దం, టార్చి పెట్టి చూస్తే ఈ తేడాలన్నీ కళ్లకు కడతాయి.

కొత్త పంపు సీలు కొద్ది వారాలకే మళ్లీ కారితే సీలును తిట్టి లాభం లేదు. దాని వెనకున్న బుష్ అరిగిపోయి కన్వర్టర్ మెడ ఊగుతూ ఉండొచ్చు. మెడ మీద పాత సీలు అరగదీసిన గాడి ఉండొచ్చు. ఫ్లెక్స్ ప్లేటు చీలి ఉండొచ్చు. ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య డోవెల్ పిన్నులు లేకుండా బిగించి ఉండొచ్చు. సీలు మార్చే ప్రతిసారీ బుష్‌ను కదిపి చూడడం, మెడ మీద గోరు నడిపి చూడడం అలవాటుగా చేసే మెకానిక్కుల దగ్గరికి బండి రెండోసారి రాదు. వెనక సీలు విషయమూ ఇంతే. అక్కడి బుష్ అరిగితే కొత్త సీలు నిలవదు. ప్రొపెల్లర్ షాఫ్టు ముందుకొన లోపల ఉండే చిన్న రేకు ప్లగ్గు వదులైనా నూనె అక్కడి నుంచి వస్తుంది. సీలు మీద నింద పడుతుంది.

పక్కల్లో చిన్న చిన్న ద్వారాలు చాలా ఉంటాయి. టర్బో హైడ్రామాటిక్ 350లో కిక్‌డౌన్ కేబులు ఓ-రింగు, గవర్నర్ మూత, స్పీడోమీటర్ గేరు, డిప్‌స్టిక్ గొట్టం అడుగు సీలు. 400లో కిక్‌డౌన్‌కు కరెంటు తీగ ఉంటుంది, దాని కనెక్టర్ కారుతుంది. 700ఆర్4, దాని వారసుడు 4ఎల్60-ఈ గేరుబాక్సుల్లో పక్కనున్న సర్వో మూత ఓ-రింగు. ఇవన్నీ గేరుబాక్సు దించకుండానే మార్చుకోగల చౌక వస్తువులు. అయితే ఇవి చాంబర్ అంచుకు పైన ఉంటాయి కాబట్టి, నూనె ఆ అంచు మీదికి దిగి పాపం చాంబర్ ప్యాకింగ్ మీద పడుతుంది.

కూలర్ గొట్టాల్లో ఒత్తిడి మిగతా దారులంత ఉండదు, ప్రవాహం మాత్రం పెద్దది. చాంబర్ ప్యాకింగ్ నెలల తరబడి కారినా బండి నడుస్తుంది. కూలర్ హోస్ తెగితే కొన్ని నిమిషాల్లో గేరుబాక్సు ఖాళీ అవుతుంది. మంచు కురిసే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ ఉక్కు గొట్టాలను తినేస్తుంది. చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లి, ఓహాయోలోనో మిషిగన్‌లోనో చౌకగా పాత కామ్రీ, అకార్డ్ కొనుక్కునే తెలుగు కుర్రాళ్లు కొనకముందు బండి కింద తప్పనిసరిగా చూడాల్సిన చోటు ఇది. గొట్టం పొరలు పొరలుగా పొంగి ఉంటే, తడి లేకపోయినా ఆ గొట్టానికి ఎంతో ఆయుష్షు లేదు.

నేల మీద చుక్క పడని లీకులు

మట్టం తగ్గుతూనే ఉంటుంది, నేల పొడిగా ఉంటుంది. ఇలాంటి కేసులే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో గేరుబాక్సుకు చెప్పడానికి పాత అమెరికన్ గేరుబాక్సులు వాక్యూమ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాను వాడేవి. టర్బో హైడ్రామాటిక్ 350, 400, ఫోర్డ్ సీ4, సీ6 అన్నిటిలో ఇది ఉంది. డబ్బాలో ఒక రబ్బరు పొర. ఒక వైపు ఏటీఎఫ్, ఇంకో వైపు ఇంజన్ ఇన్‌టేక్ మేనిఫోల్డ్ నుంచి వచ్చే గొట్టం. పొర చిరిగితే ఇంజన్ ఆ నూనెను పీల్చుకుని కాల్చేస్తుంది. పొగగొట్టం నుంచి చిక్కటి తెల్లపొగ వస్తుంది, గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. ఇంజన్ హెడ్ ప్యాకింగ్ పోయిందనుకుని ఇంజన్ విప్పేసేవాళ్లూ ఉంటారు. మాడ్యులేటర్ దగ్గర గొట్టం ఊడదీసి చూస్తే చాలు. లోపల ఎర్రటి నూనె ఉంటే రోగం తెలిసినట్టే. మందు ఆ డబ్బా మార్చడమే.

రేడియేటర్ ట్యాంకులో ఉండే ఏటీఎఫ్ కూలర్ చీలితే నూనె, కూలెంట్ కలిసిపోతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు నూనె కూలెంట్‌లోకి పోవచ్చు. ఆపాక నూనె ఒత్తిడి పడిపోతుంది, వేడి కూలెంట్ ఒత్తిడి కాసేపు నిలుస్తుంది, అప్పుడు నీళ్లు గేరుబాక్సులోకి వస్తాయి. డిప్‌స్టిక్ మీద గులాబీ రంగు చిక్కటి పాలలాంటి నురగ కనిపిస్తుంది. కూలెంట్‌లోని నీళ్లు, గ్లైకాల్ కలిసి క్లచ్ ప్లేట్ల మీది పట్టీని అంటించిన జిగురును వదులు చేస్తాయి. 2005 నుంచి 2010 వరకు వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెర్రా బండ్లలో ఈ సమస్య అమెరికాలో కోర్టుదాకా వెళ్లింది. ఆ నురగ చూశాక బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు, లారీ మీద ఎక్కించాలి. రేడియేటర్ మార్చడం, గేరుబాక్సును పదేపదే కడగడం ఆలస్యం చేయకుండా జరిగితే కొన్నిసార్లు బతుకుతుంది.

మూడోది మెర్సిడెస్ 722.6ది, 1996లో మొదలైన అయిదు గేర్ల పెట్టె. దాని పక్కన 13 పిన్నుల కనెక్టర్ దూరే ప్లాస్టిక్ గొట్టానికి రెండు చిన్న ఓ-రింగులు ఉంటాయి. అవి గట్టిపడితే నూనె కొంత కిందికి కారుతుంది, కొంత కనెక్టర్‌లోకి చేరి రాగి తీగల పోగుల మధ్య సందుల్లోంచి, దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు, పైకి ఎగబాకుతుంది. ఇంజన్ గదిలో ఉన్న కంట్రోల్ యూనిట్ దాకా చేరి అక్కడి పిన్నులను తడుపుతుంది. గేర్లు ఇరుక్కుపోతాయి, స్కానర్ ఏవేవో సెన్సర్ల తప్పులు చూపిస్తుంది. కంట్రోల్ యూనిట్ కనెక్టర్ పీకి చూస్తే ఎర్రటి తడి. ఓ-రింగులతో ఉన్న ఆ ప్లాస్టిక్ గొట్టం చాలా చౌక. దాన్ని అశ్రద్ధ చేయడం వల్ల పోయే కంట్రోల్ యూనిట్ ఖరీదైనది. జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీ గేరుబాక్సులో కనెక్టర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ స్లీవ్ కూడా ఇదే తీరుగా వయసు మీద కారుతుంది. దాని చాంబర్ ప్లాస్టిక్‌దే, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, వేడికి అంచు వంపు తిరుగుతుంది.

లీకు ఆపే మందులు

సీసాలో దొరికే లీకు మందుల్లో రబ్బరును ఉబ్బించే రసాయనాలు ఉంటాయి. వయసు మీద గట్టిపడి కొద్దిగా చెమరుస్తున్న సీలును అవి కొన్నాళ్లు ఆపగలవు. చిరిగిన సీలు, అరిగిన బుష్, నొక్కుకుపోయిన చాంబర్ అంచు, చీలిన గొట్టం వాటి వల్ల కావు. పైగా ఆ రసాయనం మంచిగా ఉన్న లోపలి సీళ్లను కూడా మెత్తబరుస్తుంది. గేరుబాక్సు విప్పడం బండి ఖరీదును మించుతుందని తేలిన చోట, ఇంకొంత కాలం గడపడానికి తప్ప ఈ సీసాను నిర్ధారణకు ముందు పోయడం అన్యాయం. లీకు తాత్కాలికంగా తగ్గితే వెతికే దారి కూడా మూసుకుపోతుంది.

మన రోడ్ల మీద

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టార్క్ కన్వర్టర్ ఉన్న పాత ఆటోమేటిక్‌లు ఒకప్పుడు తక్కువే. మారుతి జెన్, హోండా సిటీ, టొయోటా కొరోల్లా, మెర్సిడెస్ లాంటి వాటిలో కొన్ని. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో వచ్చాక క్లచ్ తొక్కనక్కర్లేని బండి అందరికీ అందింది. ఏఎంటీ లోపల మాన్యువల్ గేరుబాక్సే ఉంటుంది, దానికి మామూలు గేరు ఆయిలే పోస్తారు. క్లచ్, గేరు కదిపే హైడ్రాలిక్ యూనిట్ ఉంటే దానికి విడిగా నూనె ఉంటుంది. గేర్ల మెట్లు లేని సీవీటీకి తన సొంత నూనె ఉంటుంది, అది ఎర్రగా ఉండాలని లేదు. ఆటోమేటిక్ అన్న ఒక్క మాట విని ఏటీఎఫ్ పోసేస్తే సీవీటీ పాడవుతుంది. కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లోనైనా హైదరాబాదులోనైనా మొదటి ప్రశ్న లోపలున్న పెట్టె ఏ రకం అన్నదే.

మన దగ్గర ఉప్పు తుప్పు తీరంలో తప్ప అంతగా లేదు. దాని బదులు వేడి ఉంది, వేగనిరోధకాలు ఉన్నాయి. ఎత్తు తక్కువ కారు స్పీడ్ బ్రేకరుకు చాంబర్ రాసుకుంటే అంచు వంగుతుంది, లోపల ఫిల్టరు దారి కూడా మూసుకుపోవచ్చు. చాంబర్‌కు తాజా గీత ఉంటే ప్యాకింగ్ కంటే ముందు దాన్ని చూడాలి. పాత టొయోటాల్లో కొన్నిటికి డిఫరెన్షియల్ నూనె గేరుబాక్సు నూనెతో కలవకుండా విడిగా ఉంటుంది. యాక్సిల్ సీలు కారిన ఆ బండిలో డిప్‌స్టిక్ ఫుల్ చూపిస్తుంది, డిఫరెన్షియల్ ఎండిపోతుంది. దానికి వేరే ప్లగ్గు ఉంది, విప్పి వేలు పెట్టి చూడాలి.

ఎంత కారితే ఏం చేయాలి

సీలు అంచున చెమ్మ ఉండి చుక్క కట్టకపోతే దాన్ని రాసిపెట్టుకుని, సర్వీసుకోసారి చూసుకుంటే సరిపోతుంది. నిమిషానికో చుక్క చొప్పున రోజంతా కారితే అటుఇటుగా 50 మిల్లీలీటర్లు పోతాయి. పది రోజుల్లో అర లీటరు తగ్గి, డిప్‌స్టిక్ కింది గుర్తుకు చేరుతుంది. ఈ దశలో మరమ్మతు వాయిదా వేసే పరిస్థితి ఉంటే వారానికి రెండుసార్లు మట్టం చూసి, అదే రకం నూనె పోస్తూ నడపవచ్చు. సన్నటి ధారగా పడుతుంటే నడపకూడదు. సైలెన్సర్ గొట్టం మీద, క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడుతుంటే చుక్క చిన్నదైనా సరే అదే రోజు బాగుచేయించాలి. ఏటీఎఫ్ 200 డిగ్రీల చుట్టుపక్కల మంట అంటుకునే ఆవిరి వదులుతుంది, ఆ గొట్టాలు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతాయి. బండి ఆపగానే బానెట్ కింద నుంచి కాలిన నూనె వాసన, సన్నటి పొగ వస్తే ఇదే జరుగుతోంది.

బండి కింద పనిచేసేటప్పుడు జాకీ ఒక్కదాని మీద ఆధారపడకూడదు, స్టాండ్లు పెట్టాలి. వేడి గేరుబాక్సు చాంబర్ విప్పితే మరిగిన నూనె చేతుల మీద పడుతుంది. గంటసేపు ఆగాలి. దించిన నూనె మురుగుకాలవలో పోయకుండా పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వాలి. పని అయ్యాక కొత్త నూనెతో మట్టం సరిచూసి, వేడెక్కేలా నడిపి, మళ్లీ చూసి, అదే అట్టను రాత్రికి బండి కింద పరచాలి. మర్నాడు అట్ట పొడిగా ఉన్నా వారం తర్వాత ఇంకోసారి పరిచి చూడాలి. కొత్త కార్కు ప్యాకింగ్ వేడికి ఒకసారి సర్దుకుంటుంది, దాని బోల్టులకు అప్పుడొకసారి టార్కు సరిచూడాల్సి రావచ్చు.